చుక్కలాయన వండిన మాంసం కూర

చుక్కలాయన అంటే తాగుబోతు అనుకునేరు! పాపం, ఆయన కాఫీ దాటి మరొకటి ఎరగడు. రంగుల దుకాణంలో రంగు కలపడం ఆయన పని. గోడకు పెచ్చు ఊడిందని ఎవరో గోరంత ముక్క తెచ్చి కౌంటరు మీద పెడతారు. ఈయన దాన్ని గుమ్మంలో వెలుతురుకు పట్టి చూస్తాడు. లోపలికి వచ్చి తెల్లరంగు డబ్బాలో ఒక చుక్క పసుపు వేస్తాడు. మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి చూస్తాడు, వచ్చి అరచుక్క నలుపు వేస్తాడు. ఇలా రోజంతా కౌంటరుకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. కానీ ఆయన కలిపిన రంగు పూశాక అతుకు ఎక్కడుందో ఆ ఇంటివాడు కూడా చెప్పలేడు. అంత కన్ను ఉన్న మనిషికి నిలకడ మాత్రం ఏ కోశానా లేదు. కూర్చోమంటే లేస్తాడు, లేచాడంటే నడుస్తాడు.

ఒక సెలవురోజు పొద్దునైతే ఇంకా ఘోరం. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో ఉన్న మూడు గదుల్లోనే తిరుగుతున్నాడు. కారణం లేకపోలేదు. మధ్యాహ్నం బావమరిది వచ్చి వాళ్ళమ్మను, అంటే ఈయన అత్తగారిని, తన ఇంటికి తీసుకెళ్ళిపోతున్నాడు. ఊరికే చూసిపోవడానికి కాదు, ఇక అక్కడే ఉండడానికి.

కూతురికి, అంటే ఈయన భార్యకు, జబ్బు చేసినప్పుడు సాయానికని వచ్చిందావిడ. కూతురు దక్కలేదు. ఆ తర్వాత వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. ఆవిడ వండుతుంది, ఈయన తింటాడు. "అన్నం పెట్టాను అల్లుడుగారూ." "వస్తున్నానండీ." అత్తా అల్లుళ్ళ మధ్య అంతకు మించి మాటల్లేవు. అయినా సాయంత్రం మెట్లెక్కుతుంటే లోపల గిన్నెల చప్పుడు వినిపించడమే ఆయనకు పెద్ద ఆసరా. ఆవిడ కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో పోయిన మనిషిని తలుచుకునేవాళ్ళు ఇంకొకరు ఉండరు. ఆవిడ వెళ్ళకూడదు. అదీ ఆయన కోరిక. ఆ ఒక్క మాట అనడానికి వారం నుంచీ గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఉంది.

నోటితో చెప్పలేనిది కూరతో చెబుదామని తెల్లారేసరికి నిర్ణయించుకున్నాడు. భార్య సెలవురోజున లేత గొర్రెమాంసం కూర వండేది. పెద్ద హంగులేమీ ఉండవు. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, టమాటా, నాలుగు పొడులు, అంతే. అదే వండి పెడితే అత్తగారి మనసు మారుతుందేమో! జీవితంలో గుడ్డు తప్ప ఏమీ వండనివాడికి ఎంత ఆశ చూడండి.

మాంసం కొట్టు దగ్గర కూడా కుదురు లేదు. "కొంచెం త్వరగా కానివ్వవయ్యా" అని కొట్టువాణ్ణి నిలబడ్డచోట నిలవనివ్వలేదు.

"నేను త్వరగానే కొడతాను గానీ, అది త్వరగా ఉడకదు. ఇంట్లో అమ్మగారికి చెప్పు" అన్నాడు వాడు.

"నేనే వండుతున్నాను."

కొట్టువాడు కత్తి ఆపి మొహంలోకి చూశాడు. "అయితే తినేవాళ్ళకి చెప్పు" అన్నాడు.

సంచితో ఇంట్లోకి రాగానే అత్తగారు అలవాటుగా చెయ్యి చాపింది. "ఇటివ్వండి, నేను చేస్తాను."

"వద్దండీ. ఇవాళ మీరు వంటింట్లోకి రావద్దు. కూర్చోండి."

ప్రేమగానే అన్నాడు. కానీ వారం నుంచీ గొంతులో ఇరుక్కున్న మాట బయటికి వచ్చేటప్పుడు తిన్నగా వస్తుందా? కసిరినట్టు వచ్చింది. ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ముందుగదిలో సర్దిన పెట్టె పక్కన కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఏమనుకుని ఉంటుందో మన మహానుభావుడికి తట్టనైనా లేదు.

నూనె పోశాడు, ఉల్లిపాయలు వేశాడు. వాటిని ఎర్రగా వేగనివ్వాలి కదా! బావమరిది బండి వచ్చిందేమోనని రెండుసార్లు కిటికీ దగ్గరికి పరుగెత్తి వచ్చేసరికి అంచులు మాడాయి, మధ్యలో పచ్చిగానే ఉన్నాయి. పోనీలే అని మాంసం పడేశాడు. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి, టమాటా ముక్కలు అన్నీ ఒకదాని వెనక ఒకటి గుమ్మరించి, నీళ్ళు పోసి, మంట ఎంత పెరుగుతుందో అంతా పెంచాడు. మూత పెట్టాడు. తీశాడు. గరిటె తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. పెట్టిన చెయ్యి ఇంకా వెనక్కి రాకముందే మళ్ళీ తీశాడు. ఆత్రగాడికి బుద్ధిమట్టు అని ఊరికే అన్నారా!

తీరా చూస్తే కూర నీళ్ళనీళ్ళగా, పాలిపోయి ఉంది. భార్య కూర ఇలా ఉండేది కాదు. ముదురు ఎరుపులో మట్టిరంగు కలిసినట్టు ఉండేది. ఆ రంగు ఆయనకు బాగా తెలుసు. దాని నమూనా కూడా దగ్గరే ఉంది. బల్ల సొరుగు లాగి, మడతపెట్టిన గుడ్డలోంచి తన పాత క్యారియర్ మూత బయటికి తీశాడు. తెల్లటి ప్లాస్టిక్ మూత. లోపలివైపు భార్య చేసిన కూర మరక ఇంకిపోయి అలాగే ఉంది. నెల కిందట అత్తగారు సబ్బు పెట్టి దాన్ని గట్టిగా తోముతుంటే, "దాన్ని ముట్టుకోకండి!" అని అరిచి చేతిలోంచి లాక్కున్నాడు. ఎందుకో చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం.

ఇప్పుడు ఆ మూత కిటికీలో నిలబెట్టాడు. తెల్ల కంచం తెచ్చి, కూర ఒక చుక్క అంచు మీద వేసి పోల్చాడు. చాల్లేదు. ఒక చెంచా కారం వేశాడు. మరో చుక్క. ఇంకా చాల్లేదు, ఇంకో చెంచా. ఈసారి ఎరుపు మీరింది. ఎరుపు మీరితే పచ్చ వేసి చంపాలి, అది దుకాణం పద్ధతి. కొత్తిమీర కట్ట మొత్తం నూరి కలిపాడు. బానే ఉంది కానీ లోతు రాలేదు. లోతు కావాలంటే నలుపు పడాలి. నల్లగా ఏముందా అని అలమారంతా వెతికి, మిరియాల పొడి డబ్బా దొరికితే పావు వంతు దులిపేశాడు. కంచం అంచు చుట్టూ చుక్కలే చుక్కలు. చివరి చుక్క మాత్రం మూతమీది మరకతో అచ్చు గుద్దినట్టు కలిసిపోయింది. "హమ్మయ్య!" అని పొయ్యి కట్టేశాడు. రుచి చూశాడా? లేదు. ముక్క ఉడికిందా అని నొక్కి చూశాడా? అదీ లేదు.

అత్తగారిని పిలిచి, వేడన్నం మీద కూర వడ్డించాడు. కంచంలోకి చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇది అమ్మాయి చేసే కూరలాగే ఉందే!" అంది.

ఆ మాటకి ఆయన గుండె పొంగింది. ఆవిడ కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు గుర్తొచ్చి ఏడుస్తోందనుకుని ఈయన ఇంకో గరిటె కూర వడ్డించాడు. ఆవిడ నముల్తోంది. నముల్తూనే ఉంది. నీళ్ళు తాగి మళ్ళీ నమిలింది.

"బాగుందా అండీ?"

"బాగుంది" అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ.

సంబరంగా తానూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నషాళానికి అంటింది! కారం, దాని వెనక మిరియాల ఘాటు, ఆ రెండూ తట్టుకుని కొరికితే ముక్క చెప్పు అట్టలా సాగింది. "అమ్మో! ఇదెలా తింటున్నారండీ మీరు?" అని చెంబెడు నీళ్ళూ ఎత్తి తాగేశాడు.

ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. ఎర్రబడ్డ మొహంతో పకపకా నవ్వింది. కూతురు పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే లేచి, ఏం చేశాడో చూద్దామని వంటింట్లోకి నడిచింది. చుక్కల కంచం చూసింది. కిటికీలో మూత చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఈ మూతేంటి ఇక్కడ?"

"రంగు కోసమండీ. ఆ మరక తను చేసిన కూరది. తన చేతి కూర నా దగ్గర ఇంక అదే మిగిలింది."

ఆవిడ మూతను చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత, "ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా నాయనా" అంది. "నేనేం చేసినా నీకు గిట్టట్లేదనుకున్నాను. నీకు బరువైపోయానని నేనే మావాణ్ణి రమ్మన్నాను."

చుక్కలాయన నోరు తెరిచాడు. అప్పుడు వారం నుంచీ ఆగిన మాట ఒక్కసారిగా బయటపడింది. "వెళ్ళకండి అత్తయ్యగారూ. మీరు వెళ్ళిపోతే నాకెవరూ లేరు. మీరంటే నాకు బరువు కాదు, భయం. మీ అమ్మాయిని కాపాడలేకపోయానని మీకు నా మీద కోపమేమోనని."

ఆవిడ కొంగు దోపుకుని, ముక్కల్ని వేరే గిన్నెలోకి తీసి పులుసు చాలావరకు పారబోసింది. ఉల్లిపాయలు మళ్ళీ తరిగి, ఈసారి నిదానంగా వేయించడం మొదలుపెట్టింది. ఈయన పక్కనే నిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఉంటుందా? వెళ్తుందా? ఆ మొహంలో ఏమీ కనబడటం లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావమరిది తాళంచెవులు ఆడిస్తూ గుమ్మంలోంచే కేకేశాడు. "అమ్మా, అయిందా? బండి ఎవరికో అడ్డంగా పెట్టొచ్చాను. పద, పద!"

"మాంసం ఉడకలేదురా" అంది ఆవిడ వంటింట్లోంచి.

"అయ్యో, ఎంతసేపు పడుతుందేంటి?"

ఆవిడ మంట తగ్గించింది. గరిటె గిన్నె మీద అడ్డంగా పెట్టి, వెనక్కి తిరిగి అల్లుణ్ణి కింది నుంచి పై దాకా చూసింది. చొక్కా నిండా కారం, గడ్డానికి పసుపు.

"బండి సరిగ్గా పెట్టి రా, తిని వెళ్దువుగాని" అంది కొడుకుతో. "ఈ పిచ్చిమారాజుకి రంగు తప్ప ఇంకేమీ తెలియదురా. వదిలేసి నేనెక్కడికి రాను?"

చుక్కలాయన ఉన్నచోటే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. కూర ఉడికేదాకా మళ్ళీ లేవలేదు.