మంగోలియాకు చేపల వాటా ఇప్పించిన రాయబారి

పోయిన నెలలో ఒక ఆదివారం, భోజనం చేసి కాసేపు నడుం వాల్చిన మా పక్కింటి అంకుల్ మళ్లీ లేవలేదు. కాఫీ కలిపి లేపడానికి వెళ్లిన ఆంటీ, ఆ కప్పు చేతిలోనే పట్టుకుని మా తలుపు తట్టారు. "ఒకసారి వస్తావామ్మా, ఆయన పలకడం లేదు" అన్నారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ముఖంలో బాధ జాడే లేదు. ఎవరిదో సుదీర్ఘ ప్రసంగం వింటూ కునుకు తీసినట్టున్నారు.

ఈ మాట వింటే ఆయన పెద్దగా నవ్వేవారు. మన దేశం తరఫున ఎన్నో చోట్ల రాయబారిగా పనిచేశారు. ప్రపంచ దేశాలన్నీ కూర్చునే పెద్ద సభలో కూడా కొన్నేళ్లు ఉన్నారు. "కళ్లు తెరుచుకుని నిద్రపోవడం అక్కడే వంటబట్టిందమ్మా" అనేవారు. రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉందామని ఆంటీతో కలిసి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చి, మాసన్ లేక్స్‌లో మా పక్కింట్లో దిగారు. నేను ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుని, ఉద్యోగం, సంసారం అన్నీ ఇక్కడే కుదుర్చుకున్నదాన్ని. ఆ ఇద్దరూ వచ్చాక మా వీధికి పెద్దదిక్కు దొరికింది.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని చెరువు చుట్టూ నడిచేవారు. చెత్తడబ్బాలు కెలికే ఐబిస్ పక్షుల్ని ఇక్కడ అందరూ బిన్ చికెన్ అని వెక్కిరిస్తారు. ఆయన మాత్రం కాస్త తల వంచి "గుడ్ మార్నింగ్, ఎక్సలెన్సీ" అని పలకరించేవారు. ఎవరికీ ముఖం మీద కాదని చెప్పేవారు కాదు. "మీరు చెప్పింది శ్రద్ధగా విన్నాను" అనేవారు. "అంటే కుదరదని అర్థం. పెళ్లైన దగ్గర్నుంచీ నేను చెప్పేవన్నీ ఈయన శ్రద్ధగానే వింటున్నారు" అనేవారు ఆంటీ.

ఇక్కడికొచ్చిన కొత్తలోనే ఆయన పిల్లల ప్రపంచ సభ మొదలుపెట్టారు. ఏటా స్కూలు సెలవుల్లో, కమ్యూనిటీ హాల్లో. చుట్టుపక్కల ఉన్న తెలుగు, వియత్నాం, అఫ్గాన్, గ్రీకు కుటుంబాల పిల్లలందరూ వచ్చేవారు. ఒక్కొక్కరూ ఒక్కో దేశానికి ప్రతినిధి. అయితే ఎవరూ సొంత దేశం తీసుకోకూడదు. "మన గురించి మనం ఎలాగూ అరుస్తాం. పక్కవాడి కోసం అరిచి చూడండి, గొంతు ఎంత బాగుంటుందో" అనేవారు.

ఒక ఏడాది సభ జరిగేనాటికి మా అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి ఉంది. ఇంగ్లీషు రాక, ఎటూ వెళ్లలేక, "ఈడ నోరు మూసుకపోతాంది బిడ్డా" అని దిగులు పడుతుండేది. హాలు వంటగదిలో టీ పెడుతుందిలే అని వెంట తీసుకెళ్లాను. ఆ పొద్దున మంగోలియా ప్రతినిధికి జ్వరం. అంకుల్ వంటగదిలోకి వచ్చి, "చెల్లెమ్మా, మంగోలియాకు నువ్వు తప్ప దిక్కు లేదు" అన్నారు.

"అన్నా, నాకు ఇంగ్లీషు రాదు."

"ఏ ప్రతినిధికైనా తన భాషలో మాట్లాడే హక్కుంది. దుబాసీని నేను."

ఆ రోజు చర్చ సముద్రంలో చేపల గురించి. తీరం ఉన్న దేశాలన్నీ చేపల్ని చకచకా పంచేసుకుంటున్నాయి. అమ్మ కొంగు బిగించి లేచింది. "మాకు సముద్రం లేకపాయె. అంతమాత్రాన మా పిల్లలు చేపలు తినొద్దా? మా కరీంనగర్‌కు గూడ సముద్రం లేదు, ఆ బాధ నాకెరుకే" అంది.

అంకుల్ గొంతు సవరించుకుని, కళ్లద్దాలు పైకి తోసుకుని, అతి గంభీరమైన ఇంగ్లీషులో అనువదించారు. "తీరం లేని దేశాల ఆహార హక్కులపై మంగోలియా గౌరవ ప్రతినిధి తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తున్నారు." ఒక్క క్షణం ఆగి, "కరీంనగర్ ఈ వైఖరిని బలపరుస్తోంది" అని చేర్చారు. తెలుగు తెలిసిన మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం. అమ్మ మాత్రం వాటా ఒప్పుకునేదాకా కూర్చోలేదు. చివరికి జపాన్ దిగొచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు దారంతా అమ్మే మాట్లాడింది.

అలాంటి మనిషి, ఈ ఏడాది సభ వారం రోజుల్లో ఉందనగా వెళ్లిపోయారు. ఆంటీని పలకరించడానికి చేరిన తల్లిదండ్రుల్లో మాటా మాటా వచ్చింది. ఈసారికి మానేద్దామని కొందరు. సంతాప సభ పెట్టి పెద్దవాళ్లం మాట్లాడదామని ఇంకొందరు. మా పాప నా చెయ్యి గుంజి, "అమ్మా, వితవుట్ హిమ్, వాట్స్ ద పాయింట్?" అని ఏడ్చేసింది.

అప్పుడు ఆంటీ మాట్లాడారు.

"కొత్తగా ఆ పెద్ద సభకు వెళ్లిన రోజుల్లో, ఈయన ఎంతో ఇష్టపడే ఒక రాయబారి పోయారు. సభంతా లేచి ఓ నిమిషం మౌనంగా నిలబడిందట. కూర్చోగానే అధ్యక్షుడు తర్వాతి అంశం అన్నాడట. ఏవో సంఘాలకు కొత్త సభ్యుల నియామకం. పోయినాయన చోటు కూడా అప్పుడే నింపేశారు. ఈయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇదేం మర్యాద అని ఒకటే గొడవ. పోయినాయన చేసే పని అంత అవసరమైనదన్నమాట, ఒక్క పూట కూడా ఆగకూడనంత, అన్నాను నేను. అప్పుడు తిన్నారు." ఆంటీ మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. "సభ జరపండి. మౌనం తర్వాత నియామకాలు. ప్రసంగాలు మాత్రం వద్దు. ఆయనకు ప్రసంగాలంటే ప్రాణమే, కానీ సొంతవి."

ఏడుస్తున్నవాళ్లం కూడా నవ్వేశాం.

సభ రోజు పిల్లలు లేచి నిలబడ్డారు. ఫోన్ వీడియోలో అమ్మ కూడా కరీంనగర్‌లో లేచి నిలబడింది. ఫోన్ కదపకుండా లేవడంతో మాకు చీర కుచ్చిళ్లు మాత్రమే కనిపించాయి. ఆ కుచ్చిళ్లు కూడా కదల్లేదు.

ఆ తర్వాత అధ్యక్ష పదవి. ఇన్నాళ్లూ అంకుల్ కూర్చున్న చోటు. ఎవర్ని అడిగినా తల అడ్డంగా ఊపారు. పెద్దపిల్లలు నేల చూపులు చూశారు. ఆంటీ మొదటి వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇక ఇంతేనేమో అనిపించింది నాకు.

అప్పుడు మా పాప చెయ్యెత్తింది. సభలో ఎన్నడూ నోరు విప్పని పిల్ల. తన పక్కన కూర్చున్న అఫ్గాన్ అమ్మాయి పేరు చెప్పి, "షీ లిజన్స్ టు ఎవ్రీవన్. అంకుల్ లాగా" అంది. చివరి మాట తెలుగులో అన్నానని తనకే తెలియదు. ఆ అమ్మాయి, మా పాప ఉపాధ్యక్షురాలైతేనే ఒప్పుకుంటానంది. హాలంతా చేతులు లేచాయి. ఫోన్‌లోంచి, "మంగోలియా ఒప్పుకుంటాంది!" అని కేక వినిపించింది. మిగతా పదవుల కోసం పిల్లలు ఎంత పోట్లాడారంటే, అధ్యక్షురాలు రెండుసార్లు బల్ల గుద్దాల్సి వచ్చింది. ఆంటీ చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

సభ ముగిశాక పిల్లలు ఎగబడి ఆంటీని కౌగిలించుకున్నారు. ఆ తోపులాటలో ఎవరి చేతిలోదో చిన్న కాగితం జెండా ఆంటీ జుట్టుముడిలో చిక్కుకుంది. ఆమె గమనించలేదు. మేమెవరమూ చెప్పలేదు. ఎండలో, చెరువు గట్టు మీదుగా, ఆవిడ ఇంటివైపు నడుస్తుంటే, తెల్లటి ముడి మీద ఆ జెండా గాలికి రెపరెపలాడుతూ చాలా దూరం దాకా కనిపించింది.