ఎండలో ఆరేసిన పొర

ఆ రోజుల్లో, అంటే బరంపురంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. (ఆ భ్రమ వదలడానికి ఒక్క పూట చాలింది.) కాలేజీ సైన్సు ప్రదర్శనలో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ పెట్టాను. దానికి ప్రాణమంతా నడుమనుండే పల్చటి పొరలోనే ఉంటుంది. హైడ్రోజన్ విడిపోయాక ప్రోటాన్లని మాత్రం ఆ పొర తనలోంచి దాటనిస్తుంది. ఎలక్ట్రాన్లని పోనివ్వదు. అవి తీగమీంచి చుట్టు తిరిగి వెళ్తూ, దారిలో మన బుల్లి ఫేన్ని తిప్పాలి. ఇదంతా ఇంట్లో అందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పానేమో, రైల్వే గార్డుగా రిటైరైన మా మావయ్య హల్దియాపదర్ నుంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చి నా బల్ల వెనకాలే నిలబడ్డాడు.

ముఖ్య అతిథి రాగానే ఒడియాలో ఉపన్యాసం దంచి హైడ్రోజన్ వదిలాను. ఫేను కదల్లేదు. మళ్లీ వదిలాను. ఊహూఁ. "ఏటమ్మా, తిరగదేటి?" అని మావయ్య గుసగుస. చెమటలు కారుతుండగా తీగ ఊడదీసి చూస్తున్నాను, ఇంతలో ఫేను గిర్రున తిరిగింది! "చాలిలా, చాలిలా!" (నడిచింది, నడిచింది) అని పిల్లల కేరింతలు. నేనూ విజయగర్వంతో తలెత్తాను. అతిథి మాత్రం, "తీగ నీ చేతిలోనే ఉంది కదమ్మా" అన్నారు మెల్లగా. అందరం బల్ల వెనక్కి చూశాం. మావయ్య వంగి, బుగ్గలు పూరీల్లా పొంగించి, ఫేను మీదకి ఊదుతున్నాడు.

హాలంతా ఒకటే నవ్వు. నా తల మళ్లీ పైకి లేవలేదు. "ఎందుకలా చేశావు?" అని పళ్లు నూరితే, "నీ మొకం సూడలేకపోయానమ్మా" అన్నాడు.

తర్వాత మా మేడమ్ సెల్లు విప్పించారు. చెమ్మగా ఉంటే బాగోదని ముందురోజు ఆ పొరని నేనే డాబా మీద ఎండలో ఆరేశాను! "తడి లేకపోతే ప్రోటాన్లు దేన్ని పట్టుకుని దాటతాయే?" అని ఆవిడ నుదురు కొట్టుకున్నారు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మళ్లీ బిగించేసరికి సాయంత్రమైంది. జనమంతా వెళ్లిపోయారు, మావయ్య తప్ప. హైడ్రోజన్ వదిలాను. ఫేను ఒకసారి తడబడి, మెల్లగా, నిజంగా తిరిగింది. మావయ్య రెండు చేతులతో నోరు మూసుకుని, వేళ్ల సందులోంచి, "సూడు, నాను కాదు!" అన్నాడు.

ఆయన కళ్లు ఎంత వెలిగిపోయాయో నేను సరిగ్గా చూడనేలేదు. ఈ మనిషి పక్కన నన్నెవరైనా చూస్తున్నారేమోనని గుమ్మం వైపు చూస్తున్నాను. ఎంత పిచ్చి పిల్లనో! అక్కడ ఎవరూ లేరు.