లోన్లీ ఈగిల్, బెంగళూరు

ఆ రోజుల్ల మా భద్రాచలం నెట్ సెంటర్ల ఆరు క్యాబిన్లు ఉండేవి. ఆ ఆరిట్ల కూసున్న ఒక్కనికి కూడా సొంత పేరు లేదు. చాటింగ్ రూములకు పోంగనే ఒకడు ‘బ్లాక్ కోబ్రా, ముంబై’, ఇంకోడు ‘డాలర్ బాయ్, చికాగో’. ఆ చికాగో దొరది ఎర్రుపాలెం. ఇక్కడ చిన్నమ్మ ఇంట్ల ఉండి టైపు నేర్చుకుంటున్నడు. పేరు మార్చిండు గని స్పెల్లింగులు మార్చుకోలే. థూ, ఏం బతుకులో!

నేనేమన్న తక్కువ తిన్ననా? ‘లోన్లీ ఈగిల్, బెంగళూరు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’. చేసేది ఎరువుల షాపుల గుమాస్తా పని. ఆదివారం చర్చి అయిపోంగనే ఆ తెల్ల చొక్కా మీదనే సెంటర్‌కు ఉరికేటోణ్ణి. ఎందుకురా ఈ దొంగ పేరు అని ఎవరన్న అడిగితే నా దగ్గర మంచి జవాబే ఉండేది. పేరు చెప్తే ఊరు అడుగుతరు, ఊరు చెప్తే ఇంటిపేరు అడుగుతరు, ఇంటిపేరు చెప్తే కులం తెలిసిపోతది. అవ్, అది నిజమే. కాని నేను పేరు మార్చింది అందుకు కాదు. గుమాస్తాతోటి ఏ పిల్ల మాట్లాడుతది? గంతే.

మాట్లాడింది ఒకామె. ‘వెన్నెల’ అని పెట్టుకుంది. సొంతూరు వైరానట, హైదరాబాద్ హాస్టల్ల ఉండి చదువుకుంటుందట. నాలుగు నెలలు ఆమెకు బెంగళూరు వానల గురించి, లేని ఆఫీసు గురించి కోతలు కోసిన. నమ్మింది పాపం.

ఆ యేడు శ్రావణంల గోదారి పెరిగింది. మా ఊళ్ల వరదొస్తే ఎవరూ గోదారి పేరెత్తరు. ‘ఎంతుంది?’ అంటే ‘నలభై మూడు దాటింది’ అంటరు, అడుగులని కూడా అనరు. ఆదివారం మధ్యాహ్నం వెన్నెల ‘ఎట్లున్నరు?’ అనంగనే నా చేతులు వాటంతట అవే కొట్టేసినయ్: ‘నలభై ఎనిమిది దాటింది, జల్దీ ఇంటికి పోవాలె.’

ఆ లెక్క ఏ ఊరిదో ఆమెకు తెలిసిపోయింది. వెంటనే రాసింది: ‘మీది భద్రాచలమా? దేవుడే చూపెట్టిండు. మా అక్క అక్కడ సర్కారు దవాఖానల ఉంది. కాన్పు కష్టమైంది, రక్తం కావాలని పొద్దున ఫోన్ చేసిన్రు. ఇప్పుడు ఫోన్ కలుస్తలేదు. బావ దుమ్ముగూడెం రోడ్డు మునిగి అక్కడనే ఆగిపోయిండు. ఒక్కసారి పోయి చూస్తరా అన్నా?’

అన్నా అన్నది, అదే మొదటిసారి. చెప్పుకోవాలంటే సిగ్గు గని, నాకు ముందుగాల కాలింది ఆ మాటకే. ఆ దవాఖాన మా సెంటర్ వెనక సందులనే ఉంది. నేనేం రాసిననో తెలుసా? ‘కాదండి, నాది బెంగళూరే. టీవీల చూసి చెప్పిన.’

అప్పుడామె, మా ఆరుగురం ఉన్న ఆ చాటింగ్ రూముల అందరికీ పెట్టింది: ‘భద్రాచలంల ఎవరన్న ఉన్నరా? ప్లీజ్.’ మళ్ల పెట్టింది. మా ఆరు క్యాబిన్లల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఒకని దగ్గు ఒకనికి వినబడేటంత దగ్గర కూసున్నం. ముంబై పలకలే, చికాగో పలకలే. కొద్దిసేపటికి కోబ్రాగాడు టైపు కొట్టిండు: ‘హాయ్ వెన్నెల, మీ ఏజ్ ఎంత?’

ఆమె వెళ్లిపోయింది. మళ్ల ఎన్నడూ ఆ పేరుతోటి రాలే. ఆ అక్క బతికిందో లేదో నాకియ్యాలటికీ తెల్వదు. సందు తిరిగి పోయి అడిగితే తెలిసేది. అడగలే. మరుసటి ఆదివారం కొత్త పేరు పెట్టుకొని, ఈసారి ఊరు పూణే అని రాసిన.