కొండ దిగివచ్చిన బిడ్డ

ఏళ్ల తరబడి గుండెల మీద బండలా మోస్తున్న సంగతి ఇది. ఇంట్లో కూడా చెప్పలేదు. నేను తిరుపతిలో పిల్లల డాక్టర్ని. బిడ్డ గుమ్మంలో ఉండగానే జబ్బు చెప్పేస్తానని నాకు పేరు. ఆ పొగడ్త వింటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూయించుకుని, క్యూలో నలిగి, ఘాట్ రోడ్డు మలుపులకు కక్కుకుని వాడిపోయిన పిల్లల్ని రోజూ చూస్తాను. ఓఆర్ఎస్ ఇచ్చి పంపితే తెల్లారేసరికి ఆడుకుంటారు. చూసీ చూసీ నా కన్ను దానికే అలవాటు పడిపోయింది. అది అనుభవమా, బద్ధకమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పూతలపట్టు నుంచి వచ్చిన ఒక తల్లి ఒళ్లోనూ అలాంటి బిడ్డే. ఏడాది నిండలేదు. గుండు నిండా గంధం, వాలిపోయిన కళ్లు. ఒళ్లు వెచ్చగా ఉంటే ఎండ దెబ్బ అనుకున్నాను.

"కొండ దిగినాక పిల్లోళ్లు ఇట్లనే ఉంటారమ్మా. రేపటికి సరిపోతాది," అన్నాను.

"కొండకు పోకముందే, ఇంటికాడే కక్కినాడు సార్. పాలు గూడా తాగలా," అంది.

మందుచీటీ రాస్తూనే విన్నాను. గంధం తుడిచి నడినెత్తిన వేలు పెట్టి ఉంటే మెత్తటి మాడు ఉబ్బిందని, ఇది ఎండ దెబ్బ కాదని తెలిసేది. పెట్టలేదు. అవసరమనిపించలేదు, అంతే.

మర్నాడు మూర్ఛతో తెచ్చారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్. "నిన్న మీరే సూసినారు గదా సార్," అన్నాడు తండ్రి. నాకు భయమేసింది. ఆ భయంలో నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా?

"ముందే కక్కినాడని నిన్న చెప్పుంటే బాగుండేది గదమ్మా."

అతను భార్య వైపు తిరిగాడు. "ఏమే, చెప్పలేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను కళ్లు తిప్పుకున్నాను.

"చెప్పినట్టే ఉండాది..." అని ఆగింది. "ఏమో, మర్సిపోయినానేమో."

బిడ్డ బతికాడు. వినికిడి పోయింది. ఇప్పటికీ ఏ జ్వరమొచ్చినా నా దగ్గరికే తెస్తారు, నా మీద అంత నమ్మకం. వచ్చినప్పుడల్లా ఆమె "ఆ పొద్దు నేనే చెప్పకపోతిని సార్," అని కళ్లొత్తుకుంటుంది. "పోనీలేమ్మా," అంటాను నేను. అలా అనడానికి నేనెవరిని?

జబ్బును పోల్చుకోలేకపోవడం ఏ డాక్టరుకైనా జరుగుతుంది. అంతవరకైతే ఏదో ఒక రోజు నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ణేమో. కానీ ఒక తల్లి జ్ఞాపకాన్నే అబద్ధం చేసి, ఆ నింద ఆమె నెత్తిన పెట్టి, ఏళ్లుగా ఆమెను ఓదారుస్తున్నాను. ఆమెతో నిజం చెప్పగలనా? ఇంతవరకూ నోరు రాలేదు.

ఆ రోజు ఆమె చెప్పింది. నేను విన్నాను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.