ధనిష్ఠ చుక్కను చూపెట్టిన సార్ ఇంటికే తాళమట!

నిన్న పొద్దుగాల మల్యాల కాడ బస్సుల ఉన్న. ఫోన్ మోగింది.

"రాజేశం సార్ పోయిండురా. ఇంట్లనే. హార్ట్ ఎటాక్."

సార్‌తోని ఊరూరు తిరిగి చుక్కలు చూపెట్టెటోన్ని నేను. మొన్న శనివారమే కదా, కోరుట్ల గ్రౌండ్ల పోరగాండ్లకు టెలిస్కోపుల చందమామను చూపెట్టిండు!

జగిత్యాలల దిగి ఉరికిన. వాకిట్ల సార్‌ను పండవెట్టిన్రు. చుట్టూ ఏడుపు తక్కువ, పంచాంగం ఎక్కువ.

"ధనిష్ఠల పోయిండు. ఇల్లు మూసెయ్యాలె."

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. చంద్రుడు ధనిష్ఠ నక్షత్రం దిక్కు ఉన్నప్పుడు మనిషి పోతే, గా ఇంటికి కొన్ని నెలలు తాళమెయ్యాల్నట. లేకుంటే ఇంకో చావట.

సార్‌ది కిరాయి ఇల్లు. ఇప్పుడు అందుల సార్ భార్య పద్మమ్మ ఒక్కతే.

దహనం చేసి వచ్చి స్నానాలు చేసినమో లేదో, ఓనర్ తాళంకప్ప పట్టుకొని దిగిండు.

"తప్పుగ అనుకోకమ్మా. పిల్లలున్నోళ్లం. కొన్నొద్దులు మీ తమ్ముని తాన ఉండుర్రి."

ఓనర్ సాబ్, నీ ముచ్చట పబ్లిక్‌ల చెప్త. విను.

పోయినేడు వానలు తగ్గినంక, నీ బిల్డింగ్ మీదనే ప్రోగ్రాం పెట్టిండు సార్. చెయ్యి చాపి, పిడికిలితోని ఆకాశం కొలుసుడు పిల్లలకు నేర్పిండు. నీ బిడ్డ గట్లనే కొలుచుకుంట పోయి, గాలిపటం లెక్క ఉన్న చిన్న చుక్కల గుంపును పట్టుకున్నది.

"శభాష్ బిడ్డా! గదే ధనిష్ఠ" అన్నడు సార్.

నువ్వు టెలిస్కోపుల కన్ను వెట్టినవ్. "అరే, ఒక్కటనుకున్న చుక్క రెండున్నయ్ సార్! మస్తున్నయ్!" అని ఎగిరినవ్. మీ అమ్మను గూడ మెట్లెక్కిచ్చి తెచ్చినవ్. సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టినవ్.

గా చుక్కే నిన్న నీకు యముడైందా?

సార్, నాకు నీ మీద గూడ కోపమే.

సిరిసిల్ల ప్రోగ్రాంల నేను మైకు పట్టుకొని జాతకాలు, దోషాలు అన్నీ ఉతికి ఆరేస్తుంటే గుంజుకున్నవ్. "పోరగాండ్లు లైన్ల నిలబడి ఏడుస్తున్నరు. నీ ఉపన్యాసం జేబుల వెట్టుకో. చూడనీ. చూస్తే వాళ్లే మారుతరు" అన్నవ్. అందరు నవ్విన్రు. నాకు కడుపు మండింది.

చూసిండు కదా సార్ మీ ఓనర్. ఏం మారిండు?

నిన్న లొల్లి పెట్టిన. "పోలీస్ స్టేషన్‌కు నడువుర్రి" అన్న. పెద్దమనుషులు "నీకేం తెలుసురా పోరగా, నాలుగు కరపత్రాలు చదివి" అన్నరు. చదివిన. మీరు గవి గూడ చదువలే.

అప్పుడు పద్మమ్మ లేచి ఓనర్ దిక్కు తిరిగింది. తడి చీర మీదనే.

"తమ్మీ, చంద్రుడు నా ఒక్క ఇంటి మీదనే ధనిష్ఠల ఉన్నడా? నీ ఇంటి మీద ఇంకో చుక్కల ఉన్నడా? తాళమేస్తే జగిత్యాల మొత్తానికి ఎయ్యి. ముందుగాల నీ ఇంటికెయ్యి."

ఆమె లోపటికి పోయింది. లోపటికెళ్లి గొళ్లెం పెట్టుకున్నది.

గిది రాసేటప్పుడు నేను ఆ తలుపు ముందటనే కూసున్న. ఓనర్ ఇంకో రెండుసార్లు వచ్చి పోయిండు. మళ్ల వస్తనన్నడు.

చావైన ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు, పక్కోళ్లే అన్నం తెస్తరు. గల్లీల ఒక్కరు బుక్కెడు తేలే. స్టేటస్‌లు మాత్రం అందరు పెట్టిన్రు. సార్ ఫొటో, కింద రెండు చేతులు జోడిచ్చిన బొమ్మ!

అవి తీసెయ్యిన్రి. టిఫిన్ డబ్బా పట్టుకొని రార్రి. సార్ దగ్గర లైన్ల నిలబడ్డోళ్లు ఎంతమంది లేరు? రాయికల్‌కెళ్లి రార్రి, తంగళ్లపల్లికెళ్లి రార్రి. వాకిలి నిండితే వాడు తాళం ఎక్కడ ఏస్తడో చూద్దాం.

పోయిరా సార్. నువ్వు నిమ్మళంగ పండుకో.

అమ్మ ఇంట్లనే ఉంటది.