సమం బాబాయి కాగితం పూల చెట్టు

మా వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ సమం బాబాయి అంటారు. తల దువ్వి, ఒకడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, "ఎడమవైపు కొంచెం ఎక్కువుంది, సమం చేద్దాం" అంటాడు. ఎడమ తీస్తే కుడి ఎక్కువవుతుంది. కుడి తీస్తే మళ్లీ ఎడమ. కోతి రొట్టె పంచిన కథే. అలా ఒకసారి నా మీసం మొత్తం మాయమైంది. నేను లబోదిబోమంటే, "ఇప్పుడు చూడు, రెండువైపులా ఎంత సమంగా ఉందో!" అన్నాడు మహానుభావుడు. అప్పటి నుంచి కత్తెర మీసం దగ్గరికి వస్తే కుర్చీలోంచి లేచిపోతాను. అయినా ఇంకో సెలూన్‌కి వెళ్లను. ఆయన చేతిలో తల పెడితే హాయిగా నిద్ర పడుతుంది మరి.

ముందు గది సెలూన్, వెనక రెండు గదులు ఇల్లు. గుమ్మం పక్కన పెద్ద మట్టి కుండీలో కాగితం పూల చెట్టు. అది పిన్నిది, అంటే బాబాయి భార్యది. వాళ్లక్క ఇంటి ప్రహరీ మీద ఆ చెట్టు ఎర్రగా విరగబూస్తుంటే చూసి ముచ్చటపడి, ఒక కొమ్మ అడిగి తెచ్చుకుంది. అక్కగారు ఊరికే ఇస్తుందా? "తీసుకెళ్లవే. మీ ఇంట్లో పూస్తుందనుకోను గానీ, నీ సరదా నేనెందుకు కాదనాలి" అందట. చెట్టుకున్న ముళ్లు చాలవన్నట్టు ఈ మాటొకటి.

కొమ్మ బతికింది, గుబురుగా పెరిగింది. పువ్వు మాత్రం లేదు. అక్క ఫోన్ చేసి అడిగినప్పుడల్లా పిన్ని ఏదో ఒకటి చెప్పి దాటేసేది. ఒకరోజు ఒళ్లు మండి, "పూయకేం అక్కా! పూల గుబురుకి మా గుమ్మమే కనబడట్లేదు" అనేసింది.

"అవునా? అయితే ఎండాకాలంలో వచ్చి చూస్తానే" అంది అక్క.

ఇక పిన్నికి అన్నం సహించలేదు. సెలూన్ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ చెట్ల డాక్టరే కదా, తలా ఒక వైద్యం చెప్పారు. ఒకరు టీ పిప్పి వేయమన్నారు, ఒకరు గుడ్డు పెంకులు. ఇంకొకాయన కత్తిరించిన జుట్టే ఎరువుగా వేయమన్నాడు. ఆ ఎరువుకి ఆ కొట్లో కరువేముంది! పిన్ని అన్నీ వేసింది. చెట్టు అన్నీ తిని, ఇంకో నాలుగు ఆకులు వేసి ఊరుకుంది.

రోగం కుండీలో లేదు, బాబాయి వేళ్లలో ఉంది. పొద్దున కొట్టు తెరవగానే దేవుడికి దండం పెట్టి, దువ్వెన, కత్తెర పట్టుకుని మొదటి క్షవరం ఆ చెట్టుకే చేసేవాడు. అవును, దువ్వెన కూడా. తల వెనక చూపించే చేతి అద్దాన్ని చెట్టు వెనక పట్టి, అటువైపు కూడా సమంగా ఉందో లేదో చూసేవాడు. తలల మీద చిమ్మే నీళ్ల సీసాతో రోజంతా దాని మీద చిమ్ముతూనే ఉండేవాడు. ఆ చెట్టు పూలు వేసేది కొత్త రెమ్మల కొసలకి. అదీ కాస్త దాహంగా ఉంటేనే. ఈయన దాన్ని దప్పిక పడనివ్వడు, రెమ్మని వేలెడు సాగనివ్వడు.

పిన్నికి ఈ సంగతి తెలియక కాదు, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. "నా జడ మీ చేతికి దొరకలేదు కాబట్టి నడుం దాటింది. పాపం అది దొరికిపోయింది" అనేది. నిజమే. పెళ్లైన కొత్తలోనే "నా జుట్టు ముట్టుకుంటే పుట్టింటికి పోతా" అని ఆవిడ గట్టిగా చెప్పేసింది.

"ఇవాళ్టి నుంచి ముట్టనే!" అని బాబాయి ఒట్టు పెట్టేవాడు. తెల్లారేసరికి ఒట్టు గట్టున పెట్టేవాడు.

చివరికి చెట్టే చూసుకుంది. నెత్తి మీద ఒక రెమ్మ ఎక్కువ ఉందని బాబాయి స్టూలెక్కాడు. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో అద్దం, ఒక కన్ను మూత. ఇంక పట్టుకోవడానికి ఏం మిగిలింది? ధబ్బుమని పడ్డాడు. కుడి మణికట్టు విరిగి, నెలన్నర పిండికట్టు పడింది.

కొట్టు చూసుకోవడానికి పిన్ని తమ్ముడు తన కత్తెరతో వచ్చాడు. పిన్ని ఆసుపత్రి నుంచి రాగానే చేసిన మొదటి పని, ఇంట్లో కత్తెరలన్నీ బియ్యం డబ్బాలో పాతిపెట్టడం. రెండోది, "బావ చెప్పాడని ఆ చెట్టు మీద చెయ్యి వేశావో, నీకు అన్నం లేదు" అని తమ్ముడిని బెదిరించడం. ఈ హడావిడిలో నీళ్ల మాటే అందరూ మర్చిపోయారు.

బాబాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని చెట్టుని చూస్తూ కుమిలిపోయేవాడు. అది నిద్ర లేచిన పిల్లాడి తలలా తయారైంది. ఒక కొమ్మ వీధిలోకి, ఒకటి కిటికీలోకి. "చూడరా దాని వాలకం, నలుగురు నడిచే దారి, నా కొట్టు పరువేం కావాలి" అని నాతో మొర పెట్టుకునేవాడు. ఎండలు ముదిరాయి. ఆకులు కొన్ని రాలాయి. ఒక ఉదయం నేను పళ్లు తోముకుంటూ బయటికొస్తే, వీధిలోకి సాగిన రెమ్మ చివర ఎర్రగా ఏదో కనిపించింది. వారం తిరిగేసరికి చెట్టంతా ఎరుపే. నిజంగానే గుమ్మం కనబడలేదు. పిన్ని అబద్ధం ఆలస్యంగానైనా నిజమైంది.

కట్టు విప్పిన మర్నాడే అక్కగారు వస్తోంది. ఆ పొద్దున నేను గడ్డం గీయించుకుందామని వెళ్లేసరికి బాబాయి చెట్టు ముందు నిలబడి ఉన్నాడు. ఒక కన్ను మూసి ఉంది. చేతిలో బావమరిది కత్తెర. అప్పుడే పిన్ని లోపలి నుంచి వచ్చింది.

"ఊరికే చూస్తున్నానే" అన్నాడు బాబాయి. "ఎడమవైపు కొంచెం..."

పిన్ని కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. తిన్నగా వెళ్లి సెలూన్ కుర్చీలో కూర్చుని, జడ విప్పి వెనక్కి వేసింది.

"అంత దురదగా ఉంటే ఇది కత్తిరించండి. దాన్ని వదిలేయండి. మా అక్క ముందు నన్ను తలెత్తుకోనివ్వండి."

బాబాయి చెట్టు వైపు ఒకసారి, ఆ జుట్టు వైపు ఒకసారి చూశాడు. తర్వాత వచ్చి, దువ్వెన తీసుకుని మెల్లగా చిక్కు తీశాడు. ఇన్నేళ్లకి ఆ జుట్టు ఆయన చేతికి వచ్చింది. కొసన గోరంత తీశాడు. ఒకడుగు వెనక్కి వేసి, కన్ను మూశాడు.

"సమంగా ఉందా?" అంది పిన్ని, భయంభయంగా.

"లేదు" అన్నాడు బాబాయి. కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "ఉండనీలే."

పిన్ని కళ్లు తుడుచుకుంది. నాకూ తుడుచుకోవాలనిపించింది గానీ మగాణ్ణి కదా, తుమ్మినట్టు నటించాను.

అక్కగారు ఆటో దిగి, చెట్టు చుట్టూ తిరిగి చూసింది. వంక దొరకలేదు.

"మా ఇంట్లో కూడా ఇన్ని లేవు. ఏం చేశావు మరిదీ దీనికి?"

"నేనేం చెయ్యలేదు వదినా" అన్నాడు బాబాయి.

"నిజమే అక్కా" అంది పిన్ని. "ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు."