ఉమ పంపిన అసలు టైమ్

అమెరికాలో, ఎడిసన్‌లో మా గుంపు ఎక్కడికి వెళ్లినా ప్లాన్ ఉమదే. హోటళ్లు, వ్యాన్, పప్పన్నం దొరికే చోటు, అన్నీ తనే చూస్తుంది. మనవాళ్ల సంగతి తెలుసు కాబట్టి పదింటికి చేరాల్సిన చోటికి ఎనిమిదని రాస్తుంది. "ఉమ టైమ్‌కి రెండు గంటలు కలుపుకోండి," అని మా గుంపులోని రాగిణి అందరి ముందూ నవ్వేది.

ఊళ్లన్నీ తిప్పే ఉమ మాత్రం ఏళ్లుగా ఈ దేశం దాటలేదు. వీసా స్టాంపింగ్‌కి బయటి దేశం వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని భయం. కూర్చున్నచోటే ఇంగ్లండ్‌లోని హోలీ ఐలాండ్ మీద మనసు పారేసుకుంది. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి ఆ దీవి దారిని ముంచేస్తుంది. నీళ్లు తీశాక కారులో వెళ్లొచ్చు. రాతిగుట్ట మీద చిన్న కోట, దిబ్బల మీద ఊగే గడ్డి, ఇసుకలో పడుకుని మూలిగే సీల్ జంతువులు. ఆ వీడియోలు చూపించి చూపించి నా ప్రాణం తీసింది.

ఈ ఏడు గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇంగ్లండ్ వీసా కూడా తెచ్చుకుంది. రాగిణి వాళ్లతో కలిసి ఆ దీవికి వెళ్లడమే తరువాయి. అప్పుడు రాగిణి ఫోన్ చేసింది.

"మా వదిన కూడా వస్తానంటోందే. వ్యాన్ ఫుల్ అయిపోయింది. నువ్వు నెక్స్ట్ టైమ్ వెళ్దువులే. ప్లాన్ మాత్రం వాట్సాప్ చెయ్యి, సరేనా?"

ఎంత బరితెగింపో చూడండి. పక్కన కూర్చున్న నాకే ఒళ్లు మండిపోయింది.

"పంపకు," అన్నాను.

"పంపుతా," అంది ఉమ. కళ్లు తుడుచుకుని అప్పుడే టైప్ చేసింది. పదిలోగా రోడ్డు దాటాలి. నీళ్లు కనిపిస్తే వ్యాన్ దించొద్దని విడిగా రాసింది. వాళ్ల ప్రాణాల మీదికి తేవాలని తనకు లేదు, ఏడిపిస్తే చాలు.

"ఇది అసలు టైమా?" అన్నాను.

"అసలుదే."

నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

శనివారం పొద్దున్నే ఉమ ఇంట్లో కాఫీ తాగుతుంటే వీడియో కాల్ వచ్చింది. అక్కడ మధ్యాహ్నం. రాగిణి ఒడ్డున నిలబడి ఉంది, జుట్టంతా గాలికి రేగిపోయి.

"రోడ్డు ఏదే? అంతా సముద్రమే!"

"పదిలోగా దాటమన్నాను కదా."

"నువ్వెప్పుడూ రెండు గంటలు ముందే రాస్తావు కదే!"

"ఈసారి ఉన్నదున్నట్టు రాశాను."

రాగిణి బతిమాలుకుంది. "సాయంత్రందాకా దారి ఉండదట. మా ఫ్లైట్ ఈ రాత్రికే. ఇంత దూరం వచ్చామే, ఏదో ఒకటి చెప్పు."

"ఫోన్ దీవి వైపు తిప్పు."

ఉపాయం చెబుతుందనుకుని రాగిణి గబగబా తిప్పింది. నీళ్లకవతల గుట్ట, గుట్ట మీద కోట, ఎండలో తేటగా కనిపించాయి. ఉమ కాఫీ పక్కన పెట్టి, తొందరపడకుండా తనివితీరా చూసింది.

"చాలు, నేను చూసేశాను," అంది. "ఇక మీరు బయల్దేరండి, ఫ్లైట్‌కి లేటవుతుంది."